కెన్యా ట్రిప్‌కు లక్ష రూపాయలతో ఏ లెన్స్ కొనాలి?

మీరు అడిగింది ఇదీ: చేతిలో కానన్ 200డి కెమెరా, 18-55, 55-250 (మి.మీ.) లెన్సులు ఉన్నాయి. వచ్చే ఆగస్టులో కెన్యాలోని మసాయి మారా అభయారణ్యానికి వెళ్తున్నారు, తిరుగు ప్రయాణంలో రెండు రోజులు దుబాయ్. లక్ష రూపాయలు పెట్టి 150-600 కొనాలా, వైడ్ లెన్స్ కొనాలా, బాడీయే మార్చాలా? జంతువులు, ప్రకృతి దృశ్యాలు, సిటీ మూడూ తీయాలి. చివర్లో "మా హన్మకొండలో ప్రాక్టీస్ చేయడానికి ఏముంది, అక్కడికి వెళ్ళాకే నేర్చుకోవాలి" అని కూడా రాశారు. లెన్స్ సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. నేను ఎక్కువగా మాట్లాడేది ఆ చివరి మాట గురించే.

ముందు సూటిగా జవాబు. ఇప్పుడు ఏదీ కొనకండి. ట్రిప్‌కు ముందు హైదరాబాద్‌లో 100-400 గానీ 150-600 గానీ అద్దెకు తీసుకోండి. లక్షలో కొంత తీసి మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ ఒకటి, ఇంకో రెండు బ్యాటరీలు, మెమరీ కార్డులు కొనండి. ఇంకొంత ఇక్కడ తిరగడానికి పెట్రోలుకు, చంద్రపూర్ దగ్గరి తడోబా పులుల అడవికి ఒకసారి వెళ్ళి రావడానికి పెట్టండి. మిగిలింది అలాగే ఉండనివ్వండి. ఏ లెన్స్ కావాలో ఆగస్టు తర్వాత మీకే తెలుస్తుంది.

నేను హన్మకొండలో పెళ్ళిళ్ళు తీసి బతుకుతాను. ముహూర్తాలు లేని రోజుల్లో చెరువులు, గుట్టలు, అడవులు పట్టుకుని తిరుగుతాను. మారాకు వెళ్ళాను, తడోబాకు వీలైనప్పుడల్లా వెళ్తుంటాను. సఫారీ జీపుల్లో నాకు తరచూ కనిపించేది ఒకటే: రెండు కిలోల కొత్త లెన్స్, దాని వెనక ఏ బటన్ ఎక్కడుందో వెతుక్కుంటున్న మనిషి. ఈలోగా చిరుత చెట్టు దిగి గడ్డిలోకి వెళ్ళిపోతుంది. ఆయన లెన్స్‌కు ఏ లోపమూ లేదు. చేతికి అలవాటు లేదు, అంతే.

ఇక ఇక్కడ ఏముంది అన్న సంగతి.

మారా భూమధ్యరేఖకు కాస్త దక్షిణాన ఉంటుంది. మనం 18 డిగ్రీల ఉత్తరాన ఉన్నాం. రెండు చోట్లా పొద్దు దాదాపు నిటారుగా పైకెక్కుతుంది. ఐస్‌లాండ్, నార్వే ఫొటోలు చూసి "గోల్డెన్ అవర్" అనుకుంటాం గానీ, అక్కడ సూర్యుడు దిగంతం వెంట ఏటవాలుగా జారుతాడు కాబట్టి ఆ మెత్తని వెలుగు గంటల కొద్దీ ఉంటుంది. మనకు ఆ సుఖం లేదు. మే మధ్యలో ఒకసారి, జూలై చివర్లో ఇంకోసారి మధ్యాహ్నం వేళ వరంగల్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మారాలో ఏడాది పొడుగునా ఇంచుమించు ఆరున్నరకు పొద్దు పొడుస్తుంది, ఎనిమిది దాటేసరికి ఎండ గట్టిపడుతుంది. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట, మీకు దొరికేది అంతే. ఆ గంటలో తడబడకుండా పని చేయడం భద్రకాళి చెరువు కట్ట మీద నేర్చుకున్నా ఒకటే, మారాలో నేర్చుకున్నా ఒకటే. కట్ట మీద ఖర్చుండదు.

ఇంకో సంగతి ఎండమావి. ఏప్రిల్‌లో పొద్దున తొమ్మిది దాటాక ఖాళీ పొలం మీదుగా దూరంగా ఉన్న కొంగను పెద్ద లెన్స్‌తో తీసి చూడండి. నేల నుంచి లేచే వేడిగాలికి బొమ్మ వణికినట్టు వస్తుంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా దాన్ని సరిచేయలేదు. మారా గడ్డిమైదానంలోనూ ఇదే గోస. 600కు లక్ష పోసినవాళ్ళు మధ్యాహ్నం తీసినవన్నీ తర్వాత డిలీట్ చేసుకుంటారు. అందుకే దూరం నుంచి లాగే లెన్స్ కన్నా, జంతువు ఎటు వస్తుందో కనిపెట్టి ముందే అక్కడ ఆగడం మేలంటాను. మీ 55-250 ఆ చిన్న సెన్సార్ మీద ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) లెక్కలో 400 వరకు చూస్తుంది. మారాలో సింహాలు జీపు నీడలోకి వచ్చి పడుకోవడమూ ఉంటుంది, అప్పుడు 600 అడ్డమే అవుతుంది.

బర్రెలతో మొదలుపెట్టండి. నవ్వకండి. మీరు ఆగస్టులో వెళ్తున్నారంటే వైల్డబీస్ట్ (ఆఫ్రికాలోని పెద్ద జింకజాతి జంతువు) మందలు మారా నది దాటే కాలానికే వెళ్తున్నారు. ఆ దాటడం మామూలుగా జూలై నుంచి అక్టోబర్ మధ్యలో ఉంటుంది. నల్లటి ఒళ్ళు, దుమ్ము, నీళ్ళు, ఎదురెండ, మంద మొత్తం ఒక్కసారి కదలడం, ఫొటో పరంగా అదీ ఆ దృశ్యం. సాయంత్రం ఊరి చెరువులోంచి బర్రెలు ఒడ్డెక్కేటప్పుడు కూడా ఇవన్నీ ఉంటాయి. నల్లటి ఒళ్ళు ఫ్రేమ్ నిండా ఉంటే వెలుగు కొలిచే కెమెరా మీటర్ దాన్ని బూడిద రంగు చేయాలని చూస్తుంది, వెనకనున్న ఆకాశం తెల్లగా పేలిపోతుంది. ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు) ఒక మెట్టు తగ్గించాలి. కదిలే జంతువును ఫోకస్ వదలకుండా వెంబడించే ఏఐ సర్వోలో పెట్టి, మధ్యలోని ఒక్క ఫోకస్ పాయింట్ వాడండి. 200డిలో ఉన్న తొమ్మిదింటిలో నమ్మదగ్గది అదే. షటర్ వేగం సెకనులో 1/1000కు తగ్గనివ్వకండి. రా (RAW, కుదించని పూర్తి ఫైల్) ఫార్మాట్‌లో తీస్తుంటే బటన్ నొక్కి పట్టుకోకండి, కొద్ది ఫ్రేములకే బఫర్ (కెమెరా లోపలి తాత్కాలిక మెమరీ) నిండి కెమెరా ఆగిపోతుంది. రెండు మూడు ఫ్రేములు తీసి వదిలేయడం, మళ్ళీ నొక్కడం వేళ్ళకు అలవాటు కావాలి.

యాసంగి నాట్లకు దమ్ము చేసే ట్రాక్టర్ వెనక తెల్ల కొంగలు గుంపుగా వస్తాయి. అక్కడా సమస్య మీటరే. నల్లటి బురద మధ్య చిన్న తెల్ల పిట్ట ఉంటే కెమెరా బురదను చూసి వెలుగు పెంచుతుంది, కొంగ ఈకల వివరమంతా కొట్టుకుపోతుంది. ఇక్కడా తగ్గించాలి. అదే కొంగ ఫ్రేమంతా నిండి ఉంటే కాస్త పెంచాలి. పుస్తకంలో చదివితే వారం రోజుల్లో మరిచిపోతారు, నర్సంపేట దారి పొలాల్లో ఒక పూట తీస్తే వేళ్ళే చెప్తాయి. ఎగిరే పక్షికి 1/2000. ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) 1600 చూసి భయపడకండి. గ్రెయిన్ ఉన్న ఫొటోను ఎవరైనా క్షమిస్తారు, కదిలిపోయిన ఫొటోను క్షమించరు.

వానలు మొదలయ్యాక, అంటే మీరు వెళ్ళడానికి కాస్త ముందు, గిజిగాళ్ళు గూళ్ళు కడతాయి. బావుల మీదికి వంగిన తుమ్మ కొమ్మలకు, ఈత చెట్లకు వేలాడుతుంటాయి. మగపిట్ట పోచ తెచ్చి అల్లుతుంది, మళ్ళీ ఎగిరిపోతుంది, మళ్ళీ అదే దారిన వస్తుంది. ఇంతకన్నా ఓపికగా నేర్పే గురువు లేదు. కారు కాస్త దూరంగా ఆపి, ఇంజన్ కట్టేసి, కిటికీ మీద సంచి పెట్టి దాని మీద లెన్స్ ఆనించండి. కారు దిగితే పిట్ట పోతుంది, దిగకపోతే కారును అది చెట్టులాగే చూస్తుంది. సఫారీ జీపులోనూ ఇంతే, అక్కడ ట్రైపాడ్ పనికి రాదు. ఆ గుడ్డ సంచి మీరే కుట్టించుకోండి. వెళ్ళేటప్పుడు ఖాళీగా మడిచి తీసుకెళ్ళి, అక్కడ బియ్యమో చిక్కుడు గింజలో కొని నింపుకోవచ్చు. నైరోబి నుంచి మారాకు చిన్న విమానంలో వెళ్తుంటే సామాను మామూలుగా 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగుల్లో. రెండు కిలోల లెన్స్ మోయాలా వద్దా అన్నది అప్పుడు ఇంకోలా కనిపిస్తుంది.

గూడు దగ్గర కొమ్మలు విరిచి "క్లియర్ వ్యూ" చేసుకునేవాళ్ళున్నారు. ఆ పని చేయకండి, నీడ పోయి గూడు కాకుల కంట పడుతుంది. బెజ్జూరు వైపు పాలరాపు గుట్ట మీద రాబందులు ఉంటాయని ఎవరైనా ఉత్సాహపెట్టినా గూళ్ళ దగ్గరికి పోవద్దు. దసరాకు పంజరంలో పాలపిట్టను పెట్టుకుని తిరిగేవాళ్ళ ఫొటో కూడా తీయొద్దంటాను. పట్టడమే నేరం, మనం తీసి పెడితే దానికి గిరాకీ పెరుగుతుంది.

కవ్వాల్‌లో పులి ఫొటో వస్తుందన్న ఆశతో జన్నారం వెళ్ళకండి. 2012లో టైగర్ రిజర్వ్ అయ్యింది, అడవి చాలా బాగుంటుంది, కానీ పులి కనపడటం అరుదు. జింకలు, నీల్గాయిలు, పక్షులు, టేకు చెట్ల మధ్య పొద్దుటి వెలుగు చాలనుకుంటే వెళ్ళండి. మంథని దగ్గర శివారం మొసళ్ళు కూడా బాగుంటాయి, నీళ్ళకు దూరంగా ఉండి తీయండి. అభయారణ్యాల్లో లోపలికి వెళ్ళాలన్నా, ఫొటోలు తీయాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాలి. 1972 చట్టం ఆ సంగతి స్పష్టంగానే చెప్తుంది. పులి కావాలంటే తడోబా. కాజీపేట నుంచి బల్లార్షా లైన్లో చంద్రపూర్ దిగితే దగ్గరే. ఏప్రిల్, మే నెలల్లో నీటి గుంటల దగ్గర చూసే అవకాశం ఎక్కువ. మంగళవారం మూసి ఉంటుంది, వానాకాలంలో కోర్ ప్రాంతం మూసేస్తారు. మారాకు ముందు ఒక్కసారైనా అక్కడ జీపు కుదుపుల్లో తీసి చూడండి. వీలైతే అద్దె లెన్స్‌ను ఆ ట్రిప్‌కే తీసుకుని పరీక్షించండి. మారాకు మళ్ళీ అదే మోడల్ అడగండి.

ప్రకృతి దృశ్యాలకు వైడ్ లెన్స్ కావాలన్నారు. మీ 18 చాలు. నిజానికి నా మంచి లాండ్‌స్కేపుల్లో చాలావరకు 100కు అటూ ఇటూ తీసినవే. డిసెంబర్ పొద్దున పాకాల చెరువు మీద పొగమంచు ఉంటుంది, దాని వెనక గుట్టలు ఒకదాని తర్వాత ఒకటి పల్చబడుతూ కనిపిస్తాయి. వైడ్‌లో తీస్తే సగం ఫొటో ఖాళీ ఆకాశం, సగం ఖాళీ నీళ్ళు. 55-250తో ఆ గుట్టల పొరలు రెండు మూడు మాత్రమే కోసి తీసుకుంటే అది ఫొటో అవుతుంది. మారాలో ఒంటరి తుమ్మ చెట్టు, దాని వెనక వాన మబ్బు కూడా అలాగే తీయాలి. లక్నవరం వేలాడే వంతెన మీద నిలబడి వైడ్‌లో తీసిన ఫొటోలు ఇప్పటికే అందరి దగ్గరా ఉన్నాయి, ఇంకొకటి అక్కర్లేదు.

బొగత జలపాతానికి వానాకాలంలో వెళ్ళండి, అదీ మబ్బు ఉన్న రోజు చూసుకుని. ఎండ ఉంటే తెల్ల నీళ్ళు, నల్ల బండలు రెండూ ఒకే ఫ్రేమ్‌లో పట్టవు. ఫిల్టర్ ఇక్కడే పనికొస్తుంది: పోలరైజర్ తిప్పితే తడి బండల మీది మెరుపు పోయి ఆకుల పచ్చదనం బయటపడుతుంది. నీళ్ళను అరసెకను షటర్‌తో పాలనురగలా చేయడం అందరికీ సరదా, ఒకటి రెండు తీసి ఊరుకోండి. బొగత బలం అంతా దాని దూకుడులో ఉంది. 1/500లో ఆ చుక్కలు విడివిడిగా కనపడేట్టు తీస్తేనే ఆ చప్పుడు ఫొటోలోకి వస్తుందని నా అభిప్రాయం. నీళ్ళు ఎక్కువున్న రోజు గార్డు వద్దన్న చోటికి వెళ్ళకండి.

రామప్ప గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వెలుగు నేర్చుకోవడానికి మన జిల్లాల్లో అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. గుడి ఎర్ర ఇసుకరాయి, చూరు కింద ఏటవాలుగా నిలిపిన మదనికలు (నాట్యం చేసే స్త్రీల శిల్పాలు) మాత్రం నల్లరాయి. నల్ల బొమ్మ, చూరు నీడ, పక్కన ఎర్ర గోడ, వెనక తెల్లటి ఆకాశం, కెమెరాను తికమక పెట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? మధ్యాహ్నం వెళ్ళిన వాళ్ళకు మదనికలు నల్ల ముద్దల్లా వస్తాయి, లేదంటే ఆకాశం పోతుంది. గుడి తూర్పు ముఖం కాబట్టి పొద్దున్నే వెళ్తే ఏటవాలు ఎండ చూరు కిందికి దూరి ఆ నున్నటి రాతి మీద అంచులు గీస్తుంది. లేదా ముసురు పట్టిన రోజు వెళ్ళండి, మెత్తని వెలుగులో నగల గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. ఆకాశాన్ని ఫ్రేమ్‌లోంచి తీసేసి స్పాట్ మీటరింగ్‌లో (ఒక్క చిన్న చోట వెలుగు కొలిచే పద్ధతి) బొమ్మ మీద కొలిచి, ఒక మెట్టు తగ్గించండి. బర్రె దగ్గర నేర్చుకున్నదే ఇక్కడా పని చేస్తుంది. సాయంత్రం అయితే గుడి వెనక్కి వెళ్ళండి, పడమటి ఎండలో గర్భగుడి మీది విమాన గోపురం వెలుగుతుంది. కెమెరా పైకెత్తి 18లో తీస్తే గోడలు లోపలికి వాలిపోతాయి, వెనక్కి నడిచి కెమెరాను నేలకు సమాంతరంగా పట్టుకోండి.

పురావస్తు శాఖ కింద ఉన్న చోట్ల చేత్తో ఫొటోలు తీసుకోవచ్చు, ట్రైపాడ్‌కు మాత్రం ముందే అనుమతి కావాలి. వేళలు కూడా పొద్దు పొడుపు నుంచి పొద్దుగూకే దాకానే, కాబట్టి లోపల రాత్రి ఫొటోలు అనుకోకండి. వరంగల్ కోటలోని తోరణాలు నాలుగు దిక్కులకు నాలుగు ఉన్నాయి. తూర్పు పడమరల తోరణాల మధ్య నుంచి సూర్యుణ్ణి పట్టాలంటే మార్చి 20, సెప్టెంబర్ 22 దరిదాపుల్లో ప్రయత్నించాలి. డిసెంబర్‌లో వెళ్తే పొద్దు దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి పొడుస్తుంది, మీరు తోరణం కింద ఎంత వంగినా కుదరదు. పైగా ఆదివారాలు అక్కడ ప్రీ వెడ్డింగ్ జంటలు బారులు తీరుతాయి. వాళ్ళలో సగం మందిని తీసుకొచ్చేది నాలాంటివాళ్ళే, ఏమీ అనలేను.

సిటీ ఫొటోలకు దుబాయ్ దాకా ఆగొద్దు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్‌లో పొద్దున్నే వెళ్ళండి. ఎర్రటి రాశులు, బస్తాలు, తూకాలు, హమాలీలు, రేటు కోసం ఎదురుచూసే రైతు ముఖం. లెన్స్ మాత్రం అక్కడ మార్చకండి, మిర్చి దుమ్ము సెన్సార్ మీద పడితే సర్వీస్ సెంటర్‌కే పోవాలి, మీ కళ్ళ సంగతి సరేసరి. ముందు పలకరించండి, కాసేపు నిలబడండి, తర్వాత కెమెరా తీయండి. రైతు రేటు పడిపోయి కూర్చున్నప్పుడు మొహం మీద లెన్స్ పెట్టడం మర్యాద కాదు. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట గుండం దగ్గర ఇంకో రకం పరీక్ష: వెలుగు పడిపోతుంటుంది, అందరూ కదులుతుంటారు, ఫ్లాష్ వేస్తే పూల రంగు చచ్చిపోతుంది. ఆకాశంలో నీలం మిగిలిన ఆ పావుగంటలో తీయాలి. దగ్గరి నుంచి ఆడవాళ్ళ ఫొటో తీయాలంటే అడిగి తీయండి. మేడారంలో జంపన్న వాగులో స్నానాలు చేసేవాళ్ళను తీసి పెట్టే ఫొటోలు ఎన్ని లైకులు తెచ్చినా నాకు నచ్చవు.

ఈ అడిగి తీసే అలవాటు దుబాయ్‌లో చట్టం పని కూడా చేస్తుంది. అక్కడ ఒకరి అనుమతి లేకుండా వాళ్ళ ఫొటో తీసినా, పోస్ట్ చేసినా కేసు కావచ్చు. ప్రభుత్వ, సైనిక కట్టడాల జోలికి అసలు పోవద్దు. బుర్జ్ ఖలీఫా ఫొటో ఎలాగూ తీస్తారు, దానికి నా సలహా అక్కర్లేదు. సాయంత్రం క్రీక్ దగ్గర అబ్రా పడవలు ఎక్కి దిగే జనం మధ్యకు వెళ్ళండి, మన ఊళ్ళ మాట వినపడినా ఆశ్చర్యం లేదు. ఆగస్టులో అక్కడ ఉక్క దారుణంగా ఉంటుంది. ఏసీ గదిలోంచి బయటికి రాగానే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. కెమెరాను బ్యాగ్‌లోనే మూసి ఉంచి అరగంట ఆగి తీయండి, తుడుస్తూ కూర్చుంటే మళ్ళీ మళ్ళీ పడుతుంది.

కెన్యా గురించి కెమెరాకు సంబంధం లేని రెండు ముక్కలు. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకుని సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి, అది లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్ట్‌లోనే టెన్షన్. పాలిథిన్ క్యారీ బ్యాగులు అక్కడ 2017 నుంచి నిషేధం. కెమెరాకు వాన కవర్ అని షాపు సంచి చుట్టి తీసుకెళ్ళకండి, గుడ్డది తీసుకోండి. డ్రోన్ ఇంట్లో వదిలి వెళ్ళండి.

ఇక మెమరీ కార్డులు ఎన్ని అని అడిగారు. ఒక పెద్ద కార్డు కన్నా 64 జీబీవి మూడు నాలుగు నయం, ఒకటి పాడైనా మిగతా రోజులు బతికి ఉంటాయి. ప్రతి రాత్రీ కాపీ చేసుకోవడానికి చిన్న డ్రైవ్ ఒకటి పెట్టుకోండి. మారా క్యాంపుల్లో చాలాచోట్ల కరెంట్ కొన్ని గంటలే ఉంటుంది, అందుకే అదనపు బ్యాటరీలు అన్నాను. కెన్యాలో, దుబాయ్‌లో రెండింటా ఒకే రకం ప్లగ్, మూడు చదరపు పిన్నులది. ఒక్క అడాప్టర్ చాలు, దానికి ఇక్కడి నుంచే ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించుకుంటే ఫోన్, కెమెరా రెండూ ఒకేసారి చార్జ్ అవుతాయి.